సమస్య: “వెన్ను నొక్కినంత వీరుడెగిరె”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగవ పాదాన్ని ఇస్తున్నాను. చేతిలో పట్టుకొని ఆడే గేమింగ్ పీసీ మీటల అమరికకే పూరణ పరిమితం కావాలి. వెన్ను ఎవరిదో, వీరుడెవరో పూరించేవారే తేల్చాలి.

మొదటి పూరణ

బొటనవేళ్ళు రెండు బుడిపెలపయి నుండ
దుముకు మీట నొక్క దొరక దెడము
మధ్యవేలి కొనకు మాటున నందిన
వెన్ను నొక్కినంత వీరుడెగిరె

నిర్వాహకుడు: అమ్మా, గణాలూ యతులూ నిర్దోషంగా ఉన్నాయి, విషయం అంతకన్నా బాగుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పీసీలో చూపు తిప్పే కుడి స్టిక్కును వదిలితే తప్ప బొటనవేలు ఏ, బీ, ఎక్స్, వై మీటలను అందుకోలేదు కనుక, దూకవలసిన క్షణంలోనే గురి చెదురుతుంది. దాన్ని తయారుచేసిన వాల్వ్ సంస్థ వెనుక వైపున పక్కకు రెండు చొప్పున నాలుగు మీటలు అమర్చినందువల్ల, దూకే పనిని వాటిలో ఒకదానికి అప్పగించి బొటనవేలిని స్టిక్కు మీదే ఉంచవచ్చు. ఇబ్బంది నిజానికి కుడి వేలిదే అయినా, “రెండు” అన్న మాట ఆ పట్టును కళ్ళకు కట్టిస్తోంది, మార్చవద్దు.

రెండవ పూరణ

బరువు మోసి మోసి పట్టు మార్చెడి వేళ
కొండ యంచు మీద గురుతు లేక
వేలు జారి తాకె వెనుకటి మీటను
వెన్ను నొక్కినంత వీరుడెగిరె

నిర్వాహకుడు: వీరుణ్ణి లోయలోకి ఎగిరించిన చమత్కారానికి అభినందనలు. బరువు మాట అతిశయోక్తి కాదు. మొదటి స్టీమ్ డెక్ సుమారు 669 గ్రాములు, 2023 నాటి ఓఎల్‌ఈడీ తెర రకం సుమారు 640. పొరపాటున నొక్కుకుపోవడం కూడా రూపకర్తలు ఎరిగిన సమస్యే కనుకనే, ఆసుస్ సంస్థ 2024లో తెచ్చిన ఆలీ ఎక్స్ అనే ఇలాంటి పీసీలో వెనుక మీటలను చిన్నవి చేసింది. అయితే మూడవ పాదంలో మీటను తాకించి, నాలుగవ పాదంలో మళ్ళీ నొక్కించడం పునరుక్తి. “యదుపు తప్పి వేలు హద్దును దాటుచు” అంటే వాక్యం సమస్యలోకి సాఫీగా సాగుతుంది.

రెండవ పూరణకర్త: సవరణ శిరోధార్యం, గురువుగారూ. కానీ మీట చిన్నదైతే పెద్ద చేతులవారు దాన్ని వెతుక్కోవలసి వస్తుంది కదా?

నిర్వాహకుడు: వస్తుంది. అందుకు పరిమాణం కన్నా మీట గట్టిదనమూ, అది ఉన్న చోటూ ముఖ్యమని నా అభిప్రాయం.

మూడవ పూరణ

తనకు పనియె లేని దానికి నొక యాజ్ఞ
నాటగాడు తాను నప్పగింప
నాజ్ఞ నంది మీట యంత్రమునకు దెల్ప
వెన్ను నొక్కినంత వీరుడెగిరె

నిర్వాహకుడు: వెనుక మీటలకు ఏ పని ఇవ్వాలో ఆటగాడే వాల్వ్ వారి స్టీమ్ సాఫ్ట్‌వేర్ అమరికల్లో, ఒక్కో ఆటకు ఒక్కో విధంగా నిర్ణయించుకోవచ్చన్న అసలు సంగతిని మీరొక్కరే పట్టుకున్నారు. దోషం రెండవ పాదంలో ఉంది. ఉత్వసంధి నిత్యం కనుక “తాను నప్పగింప” చెల్లదు. “నాటగాడు మునుపె యప్పగింప” అనండి. ఆటకు ముందే అమర్చుకోవాలన్న అర్థమూ దానితో వస్తుంది.