20 నిమిషాల జ్విఫ్ట్ రేసుల్లో మొదట్లోనే గుంపు వదిలేసి పోతోంది, మీరంతా ఏం చేస్తున్నారు?

సర్జాపూర్_సైకిల్
నమస్తే అందరికీ. సర్జాపూర్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు కాబట్టి ట్రైనర్ (సైకిల్ బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు) కొన్నాను, జ్విఫ్ట్ అనే ఆన్‌లైన్ సైకిల్ గేమ్‌కి కలిపాను. గంట గంట రైడ్లు బోరు కొట్టి ఇప్పుడు చిన్న రేసులు మొదలుపెట్టా, ఎక్కువగా ఆ గేమ్‌లోని క్రిట్ సిటీ అనే చిన్న చుట్ల రూట్లో, సి కేటగిరీ. కౌంట్‌డౌన్ అయిపోగానే అందరూ 400 వాట్లు దాటించి లేస్తారు, నేను పట్టుకోబోయేసరికి ఊపిరి అందదు, ఆ తర్వాత ఒంటరి ప్రయాణమే. వార్మప్ ఎంతసేపు చేస్తారు? మన టైంకి ఏ రేసులు మంచివి? ఇంకోటి, మా ఆఫీసులో ఒకాయన ట్రైనర్ డిఫికల్టీ (ఎక్కుడు కాలికి ఎంత తగలాలో పెట్టుకునే స్లైడర్) సున్నాకి దించెయ్, అందరూ చేసేది అదే అంటున్నాడు. నిజమేనా?

బెల్లందూరు_బాబాయ్
నిజమే, అందరూ చేసేది అదే, అందుకే ఈ రేసులు చూస్తే ఒళ్లు మండుతుంది. 8 శాతం ఎక్కుడు నాకు 8 శాతంలాగే తగులుతుంది, పక్కవాడికి చదును రోడ్డు, ఇద్దరం ఒకే రిజల్టులో. దీన్ని మోసం అనకపోతే ఏమనాలి?

చైన్‌రింగ్_52
బాబాయ్ గారూ, ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటికే వస్తుంది. ఆ స్లైడర్ మీ కాలికి తగిలే బరువును మారుస్తుంది గానీ గేమ్‌లో మీ స్పీడును మార్చదు. స్పీడు లెక్క మీ వాట్లు, బరువు, ఎత్తు, వాలు, డ్రాఫ్ట్ (ముందువాళ్ల వెనక ఉంటే గాలి తగ్గడం), సైకిల్ వీటి మీద. 250 వాట్లు వేస్తే స్లైడర్ 100లో ఉన్నా 0లో ఉన్నా ఒకే స్పీడుతో కొండ ఎక్కుతారు. అసలు మొదట ఇన్‌స్టాల్ చేసినప్పుడే అది సగంలో ఉంటుంది. నేను ఇవన్నీ బీటా రోజుల నుంచీ చూస్తున్నా, పవర్ మీటర్ వేరే, ట్రైనర్ వేరే పెట్టి రెండు ఫైళ్లూ పోల్చి చూసుకునే మనిషిని, నాకు చెప్పొద్దు.

బెల్లందూరు_బాబాయ్
మీరు బీటా నుంచి ఉన్నారా ఆల్ఫా నుంచి ఉన్నారా అని ఎవరూ అడగలేదు. స్పీడు మారదు, ఒప్పుకున్నా. మరి గేర్లు? ఎక్కుడు రాగానే నేను నాలుగు గేర్లు దించాలి, ఆ లోపు రిథమ్ పోయి రెండు సెకన్లు వాట్లు పడిపోతాయి. వాడు మాత్రం నిమిషానికి 90 చుట్ల కేడెన్స్‌లో అలాగే తొక్కుతూ పోతాడు. చిన్న రేసులో ఆ రెండు సెకన్లే గుంపులో ఉండటమా, బయటపడటమా తేలుస్తాయి.

చైన్‌రింగ్_52
అయితే మీరూ తగ్గించుకోండి! ఎవరు వద్దన్నారు? సెట్టింగ్ అందరికీ ఉంది. ఇష్టపడి 100లో పెట్టుకుని మిగతావాళ్లని దొంగలంటే ఎలా? పైగా సున్నాలో పెడితే నష్టం కూడా ఉంది, ఎక్కుడు వచ్చిందని కాలికి తెలీదు, స్క్రీన్ చూస్తూ ఉండాలి, ఒక్క క్షణం కన్ను పక్కకి పోయిందా గుంపు ముందుకెళ్లిపోతుంది.

చెన్నైచెమట
మీకు డిఫికల్టీ స్లైడర్ గొడవ. ఇక్కడ మాకు మే నెలలో ట్రైనర్ ఎక్కడమే డిఫికల్టీ. వేళచ్చేరిలో ఏసీ గదిలో రెండు పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టినా కింద మడుగు. హెడ్‌సెట్ బోల్టు తుప్పు పట్టి స్టెమ్ ఊడదీయడానికి మెకానిక్ డ్రిల్లు వాడాల్సొచ్చింది. టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పైకడ్డీ) మీద తువ్వాలు వేసుకోండి నాయనా, ఎఫ్‌టీపీ (గంటసేపు నిలబెట్టగల వాట్లు) సంగతి తర్వాత. బెంగళూరు వాళ్లు అదృష్టవంతులు, కిటికీ తీస్తే చాలు.

మూడోఫ్లోర్
కిటికీ తీస్తే దోమలు అన్నా. బెంగళూరు వాతావరణం గురించి 2005 నాటి మాటలు ఇంకా చెప్తున్నారు.

చైన్‌రింగ్_52
అదీగాక బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలిలో ఆక్సిజన్ కాస్త తక్కువ. చెన్నై వాళ్లకి వేడి నష్టం, మాకు ఎత్తు నష్టం.

చెన్నైచెమట
900 మీటర్లకే ఆక్సిజన్ అందట్లేదట! ఒకసారి ఇక్కడికొచ్చి మే నెలలో 20 నిమిషాల ఎఫ్‌టీపీ టెస్ట్ చెయ్యండి గురూ, మాట్లాడుకుందాం.

ఆర్టీనగర్_రాణి
అసలు ప్రశ్న అడిగినాయన బరువెంతో ఎవరైనా అడిగారా? కేటగిరీలు పెట్టింది ప్రధానంగా కిలోకి ఎన్ని వాట్లు అనే లెక్క మీద. 60 కిలోల మనిషి కిలోకి 3 వాట్లు అంటే 180. 85 కిలోల మనిషికి అదే 3 అంటే 255. ఇద్దరూ ఒకే సి కేటగిరీ. చదును రోడ్డు మీద స్పీడుని నిర్ణయించేది చాలావరకు మొత్తం వాట్లే, క్రిట్ సిటీ దాదాపు చదునే, ఇటుకలు పరిచిన ఆ చిన్న ఎక్కుడు తప్ప. అంటే సన్నగా ఉన్నవాళ్లు అక్కడ ఓడిపోవడానికే వెళ్తున్నట్టు. నేను అందుకే క్రిట్లు మానేసి జ్విఫ్ట్ ఊహాలోకం వాటోపియాలో హిల్లీ రూట్ ఉన్నవే వెతుక్కుంటా. ఒక చుట్టు 9 కిలోమీటర్ల చిల్లర, మధ్యలో కిలోమీటరుకి కాస్త తక్కువ ఎక్కుడు, అక్కడ లావుపాటి వాట్ల వాళ్లని వదిలించుకోవచ్చు. గేమ్ ఇచ్చే, కాసేపు బరువు తగ్గించే ఈకలాంటి పవర్‌అప్ దొరికితే అక్కడే వాడాలి, గాలి తగలడం తగ్గించే హెల్మెట్ దొరికితే చివరి స్ప్రింటుకి దాచుకోవాలి.

సర్జాపూర్_సైకిల్
59 కిలోలు అండీ. అందుకేనా! 400 వాట్లంటే నాకు కిలోకి దాదాపు 7, వాళ్లకి 5 లోపే. వార్మప్ గురించి కూడా ఎవరైనా...

బెల్లందూరు_బాబాయ్
బరువు అంటే గుర్తొచ్చింది, సగం మంది అక్కడ చెప్పే బరువు పెళ్లిచూపుల బయోడేటాలో రాసే ఎత్తు లాంటిది. ఆ ఎత్తు కూడా దించి రాస్తున్నారట, పొట్టిగా ఉంటే గాలి తక్కువ తగులుతుందని గేమ్ లెక్కేస్తుంది కదా. 2019లో బ్రిటన్‌లో ఏకంగా జాతీయ ఈరేసింగ్ ఛాంపియన్ కామెరాన్ జెఫర్స్ టైటిలే తీసేశారు, ఇంట్లో తొక్కకుండా ప్రోగ్రామ్‌తో తొక్కించి వేగవంతమైన సైకిల్ సంపాదించాడని. 250 పౌండ్ల జరిమానా, ఆరు నెలల నిషేధం. జాతీయ స్థాయిలోనే అలా ఉంటే మన సి కేటగిరీ సంగతేంటి?

ఆర్టీనగర్_రాణి
బాబాయ్ గారూ, అతను రేసు మాత్రం నిజంగానే తొక్కి గెలిచాడు, పట్టుకున్నది ఆ సైకిల్ సంపాదించిన తీరుని. అందరినీ ఒకే గాటన కట్టకండి. ఇప్పుడు కేటగిరీ కూడా సిస్టమే చూస్తోంది, నీ పాత పవర్ నంబర్లు ఎక్కువుంటే కింది కేటగిరీలోకి రానివ్వదు. 2024 నుంచి రేసింగ్ స్కోర్ కూడా వచ్చింది, ఫలితాలు చూసి కలుపుతుంది.

నందికొండ_ఉదయం
ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది. గదిలో ఫ్యాను ముందు కూర్చుని ఈకలూ హెల్మెట్లూ అట. ఆదివారం తెల్లారుజామున నంది హిల్స్‌కి రండి, అక్కడ ఏ స్లైడరూ ఉండదు.

మూడోఫ్లోర్
నంది హిల్స్ ఇక్కడి నుంచి 60 కిలోమీటర్లన్నా, తెల్లవారుజామున మూడున్నరకి లేచి, హైవే మీద లారీల పక్కన వెళ్లి, మళ్లీ తొమ్మిదికి హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఇరుక్కుని... మా ఇంట్లో ఏడున్నరకి పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించాలి. మాకు ఉన్నదే 40 నిమిషాలు.

చైన్‌రింగ్_52
నందికొండ గారూ, నవ్వండి నవ్వండి. 2020లో మొదటి యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) ఈస్పోర్ట్స్ వరల్డ్స్ గెలిచిన జేసన్ ఆస్బోర్న్ పడవలు నడిపే మనిషి, జర్మనీ రోయర్. తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం, ఆ తర్వాత రోడ్డు ప్రొఫెషనల్ టీమ్‌లో చేరాడు. 2023 వరల్డ్స్‌లో అయితే ఒకే రోజు వరసగా మూడు చిన్న రేసులు, ప్రతి రేసులో వెనకబడ్డవాళ్లు ఇంటికి. కూర్చుని ఆడుకునే ఆట కాదు.

నందికొండ_ఉదయం
పడవలు నడిపేవాడు గెలిచాడంటే సైకిల్ నైపుణ్యం అక్కర్లేదనేగా అర్థం? నా మాటే మీరు చెప్పారు.

చైన్‌రింగ్_52
మీతో వాదించడం నాదే తప్పు.

బావ_న్యూజెర్సీ_ఉన్నవాడు
టైం అడిగారు కదా. మన ఉదయం 6 అంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు సాయంత్రం 7:30 లేదా 8:30, జనం నిండుగా ఉంటారు. నేను, మా బావ ఒకే రేసు తొక్కుతాం, వాడు డిన్నర్ ముందు, నేను కాఫీ ముందు. యూరప్ వాళ్ల సాయంత్రం రేసులంటే మనకి రాత్రి పదిన్నర, పదకొండున్నర. అవి తొక్కితే రెండింటిదాకా నిద్ర రాదు. మధ్యాహ్నం రేసుల్లోకి పోకండి, ఏడుగురు ఉంటారు, వాళ్లలో ఇద్దరు స్టార్ట్ గీత దాటగానే మాయం. వార్మప్ పావుగంట, అందులో 30 సెకన్ల గట్టి తొక్కుడు మూడుసార్లు. గడియారం సున్నాకి రాకముందే, రేసుకి ముందు అందరూ వేచి ఉండే పెన్‌లో కాలు తిరుగుతూ ఉండాలి, ఆగిపోయి మొదలుపెడితే ట్రైనర్ వాట్లు చూపించేలోపే గుంపు వెళ్లిపోతుంది. చక్రం రోలర్ మీద ఆనే ట్రైనర్ అయితే వేడెక్కాక, కొలత సరిచేసే స్పిన్‌డౌన్ చెయ్యండి, లేకపోతే ఆ నంబర్లు నమ్మడానికి లేదు.

మూడోఫ్లోర్
ఉదయం 6 అన్నారు కదా, నా బాధ అక్కడే. మా కింది ఫ్లాట్ ఆంటీ అసోసియేషన్ గ్రూపులో రోజూ పెడుతున్నారు, పైన ఎవరో మిక్సీ వేస్తున్నారని. వెనక చక్రం తీసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనరే, గదిలో అసలు చప్పుడు లేదు.

చెన్నైచెమట
గదిలో చప్పుడు లేకపోయినా నేల ద్వారా అదురు కిందికి పోతుంది బ్రో, ముఖ్యంగా స్ప్రింట్‌లో లేచి నిలబడి తొక్కినప్పుడు. యోగా మ్యాట్ పనికిరాదు. జిమ్‌లో వేసే మందపాటి రబ్బరు పలకలు తెచ్చి, దాని మీద ప్లైవుడ్, దాని మీద మళ్లీ మ్యాట్. గోడకి ఆనించొద్దు. వీలైతే గది మధ్యలో కాకుండా కింద బీమ్ ఉన్న వైపు పెట్టు.

మూడోఫ్లోర్
ఆ రబ్బరు పలకలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో డెలివరీకే మండిపోతోంది.

బెల్లందూరు_బాబాయ్
జేసీ రోడ్డులో అడుగు, చదరపు అడుగు లెక్కన కోసి ఇస్తారు. నా దగ్గర రెండు ముక్కలు మిగిలాయి, బెల్లందూరు వస్తే తీసుకెళ్లు. డబ్బులేం వద్దు, ఆ స్లైడర్ మాత్రం 100లో పెట్టు.