పాట వీడియోకి ఫొటోలు, అట్ట కవరు: మీరెలా చేశారో చెప్పండి

పాలపిట్ట:
నమస్తే అందరికీ. మా పెద్దమ్మ పాడే నాట్ల పాటకు వీడియో చేస్తున్నాం. వచ్చే నెలలో రెండు రోజుల షూటింగ్. యూట్యూబ్‌తో పాటు పాటల యాప్‌లలోనూ పెడతాం. ఊళ్లో ట్రాక్టర్లలో, ఆటోల్లో పెన్‌డ్రైవే నడుస్తది కాబట్టి 12 సెంటీమీటర్ల చదరపు అట్ట కవరులో పెన్‌డ్రైవ్, పాట రాసిన చిన్న పుస్తకం పెట్టి 200 పంచుదామని ఉంది. ఫొటోలు వేరే తీయాలా, 4కే వీడియోలోంచే తీసుకుంటే సరిపోతుందా?

నీడావెలుగు:
వేరే తీయించు తమ్ముడూ. 4కే ఫ్రేము 3840 బై 2160. చదరంగా కోస్తే మిగిలేది 2160 పిక్సెళ్లే. పాటల యాప్‌ల కవరుకు మామూలుగా 3000 బై 3000 అడుగుతారు. సాగదీస్తే మొహం మైనం ముద్దలా అయిపోతుంది.

ఇంకోటి, వీడియో ఎక్కువగా ఒక్కో ఫ్రేముకు కెమెరా షట్టరు సెకనులో 50వ వంతు తెరిచి ఉండేలా తీస్తారు. కదులుతున్నప్పుడు బాగుంటుంది, ఆపి చూస్తే చేతులు అలుక్కుపోతాయి. మా బతుకమ్మ పాటకు నలభై ఫ్రేములు ఏరుకున్నాను. చప్పట్లు కొట్టే చేతులన్నీ పొగలా ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి ప్రతి లొకేషన్లో షాట్ ఓకే అయ్యాక పది నిమిషాలు ఫొటోలకే అని షెడ్యూల్లోనే రాయిస్తున్నాను. రాయకపోతే డైరెక్టరు ‘ఇంకొక్క షాట్’ అంటూనే ఉంటాడు, పొద్దు గుంకిపోతుంది. ఒకే భంగిమను అడ్డంగా, నిలువుగా తీయించు, తల పైన పేరుకు చోటు వదిలించు. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో కుడివైపు కింది మూలన మాత్రం ఏమీ రాయకు, అక్కడ వీడియో నిడివి పడుతుంది. మా పాటలో గాయని పేరు సరిగ్గా దాని కిందే దాగిపోయింది.

గోదారిగట్టు:
నేను కొంచెం వేరేగా చెబుతాను. 12 సెంటీమీటర్ల అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1420 పిక్సెళ్లు చాలు. అంటే అట్టకు, పుస్తకానికి ఫ్రేము పనికొస్తుంది. మా వీడియోలో మామ్మగారు పాట మరిచిపోయి ఒక్క క్షణం నవ్వారు. మళ్లీ నవ్వమంటే రాలేదు. ఆ ఫ్రేమే పుస్తకం మధ్య పేజీలో వేశాం, అందరూ ముందు దాన్నే చూశారు.

యాప్‌లకిచ్చే కవరు మీద ఫోన్ నంబరు, యూట్యూబ్ గుర్తు వద్దు. మాది అందుకే తిప్పి పంపారు. అప్పటికే విడుదల తేదీ చెప్పేసి ఉన్నాం, ఆ మూడు రోజులూ ఒకటే టెన్షన్.

ఆఫ్‌సెట్ అన్న:
ప్రెస్సులో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఫోన్లో మెరిసే చిలకపచ్చ రంగు కాగితం మీద అంత మెరవదు. ఫైలును సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరా రంగుల్లోకి) మార్చి ఒక ప్రూఫ్, అంటే నమూనా అచ్చు తీసి, షూటింగులో కట్టిన చీర పక్కన పెట్టి చూసుకోండి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట మీద మడత దగ్గర ముదురు రంగుంటే పగిలి తెల్లగీత పడుతుంది, ముందు క్రీజింగ్ (మడత గీత నొక్కించడం) చేయించాలి.

పాత ఫొటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోతే టైప్ ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టండి. రామభద్ర, మండలి ఫాంట్లు ఉచితమే. ఫైలు ఇచ్చే ముందు అక్షరాలను అవుట్‌లైన్ చేయండి (బొమ్మ గీతలుగా మార్చండి), లేకపోతే మా కంప్యూటర్లో వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది.

డప్పుమోత:
వెనక అట్ట గురించి ఎవరూ అనలేదు. నేను వాయించిన పాటల్లో అట్ట మీద నా పేరు చూసుకున్నది ఒక్కసారే. దాన్ని మా అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టింది. అందరి పేర్లూ వేయండన్నా.

ఫొటోకు ఒక మాట. వాయించే ముందు గడ్డి మంట మీద డప్పు కాస్తాం. మంట వెలుగు చర్మం మీద పడి, వాయించేవాళ్లు చెవి దగ్గర పెట్టి మోగించి చూసుకునే ఆ రెండు నిమిషాలు తీయండి. పోజు చెప్పక్కరలేదు.

పాలపిట్ట:
డప్పు కాచేటప్పుడే ముఖచిత్రం తీయిస్తామన్నా, షెడ్యూల్లో రాసేశాం. పెద్దమ్మతో పాడిన పదకొండు మంది పేర్లూ ఇంటిపేర్లతో సహా వెనకట్ట మీద వేస్తున్నాం. నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలు. ఆఫ్‌సెట్ అన్నా, సన్నగా 6 పాయింట్ల సైజులో వేస్తే పడతాయా?

ఆఫ్‌సెట్ అన్న:
6 వద్దు. సిరా పాకి వత్తులు పూడిపోతాయి. 9 పెట్టి, కాస్త లావు అక్షరం తీసుకోండి. చోటు చాలకపోతే ఫొటో తగ్గించండి, పేర్లు తగ్గించకండి.