స్కాట్లాండ్ క్లబ్ క్రికెట్: పొద్దున్నే ఫోన్‌లో వాన చూసి మ్యాచ్ రద్దు చేయడం న్యాయమేనా?

లీత్ ఆఫ్‌స్పిన్నర్ (ఎడిన్‌బరా)

మొన్న శనివారం మా రెండో జట్టుకి పెర్త్‌షైర్ వైపు మ్యాచ్ ఉంది. ఒంటిగంటకి మొదలవ్వాలి. పొద్దున 8:20కి అవతలి క్లబ్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది: ఫోర్‌కాస్ట్ బాలేదు, రద్దు చేస్తున్నాం అని. అప్పటికి అక్కడ చినుకు లేదు. రాత్రి కాస్త కురిసిందంతే. పదకొండుకి ఒక జల్లు పడి, పన్నెండుకల్లా తెరిపిచ్చింది. ఆ తర్వాత సాయంత్రం దాకా గాలి, ఎండ. మా వికెట్‌కీపర్ ఆ ఊరి పక్కనే ఉంటాడు. రెండింటికి వెళ్ళి ఫొటో తీసి పంపాడు. బౌండరీ దగ్గర పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. ఆ ఫొటో చూసి నాకు అన్నం సయించలేదు.

ఇక్కడ సీజన్ ఏప్రిల్ ఆఖర్లో మొదలై సెప్టెంబరు మొదట్లో అయిపోతుంది. అంటే మనకి ఏడాదికి దొరికేది ఇరవై శనివారాలు. అందులో ఈసారి మాకు ఇప్పటికే ఆరు పోయాయి. మూడు నిజంగా నీళ్ళు నిలిచిన రోజులు, వాటి గురించి నాకు బాధ లేదు. మిగతా మూడూ ఎవరూ గ్రౌండ్‌లో కాలు పెట్టకుండానే పోయాయి.

ఒక లెక్క చూడండి. ఎడిన్‌బరాలో ఏడాదికి సుమారు 700 మి.మీ. వాన పడుతుంది. హైదరాబాద్‌లో సుమారు 800. అంటే వాన ఇక్కడే తక్కువ. కురిసే తీరే వేరు. అక్కడ నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది. ఇక్కడ పన్నెండు నెలలూ తుంపర, మధ్యలో తెరిపి, మళ్ళీ తుంపర. ఇలాంటి చోట పొద్దున ఎనిమిదికి ఆ రోజంతటికీ తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది? పైగా జూన్ ఆఖర్లో ఎడిన్‌బరాలో పొద్దు గుంకేది రాత్రి పదింటికి. మూడున్నరకి మొదలుపెట్టినా చెరో 30 ఓవర్లు ఆడి ఎనిమిదికల్లా ఇంటికి బయల్దేరొచ్చు.

నా ప్రతిపాదన ఒకటే. పదకొండు దాకా ఎవరూ రద్దు చేయకూడదు. చేసేవాళ్ళు పిచ్ దగ్గర నిలబడి, చూసి చేయాలి. మీరేమంటారు?

గ్లాస్గో ఎడమచేతి పేసర్

నేను ఒప్పుకోను బ్రదర్. నువ్వు తూర్పున ఉండి మాట్లాడుతున్నావు. గ్లాస్గోలో ఏడాదికి 1,100 మి.మీ. పైనే పడుతుంది. మాకు ముసురు పట్టిందంటే తెరిపి కోసం ఎదురుచూడడం అనే మాటే ఉండదు.

జూన్‌లో ఒకసారి మేము ఎయిర్‌షైర్ తీరానికి వెళ్ళాం. మూడు కార్లు. మాలో ఇద్దరు శుక్రవారం నైట్ షిఫ్ట్ చేసి నిద్ర లేకుండా వచ్చారు. అవతలి కెప్టెన్ మంచివాడే, "కాసేపు చూద్దాం" అన్నాడు. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా పెవిలియన్ కిటికీలోంచి వాన చూశాం. టీ బ్రేక్‌కి పెట్టిన శాండ్‌విచ్‌లు తిని వెనక్కొచ్చాం. రోజంతా పోయింది, పెట్రోలు పోయింది, ఒక్క బంతి వేయలేదు. అదే పొద్దున తొమ్మిదికి చెప్పి ఉంటే వాళ్ళిద్దరూ పడుకునేవాళ్ళు, నేను పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. నువ్వు పోగొట్టుకున్న శనివారం కనిపిస్తుంది గానీ, ఊరికే కూర్చుని పోగొట్టుకున్న శనివారాలని ఎవరూ లెక్కపెట్టరు.

రోలర్ డ్యూటీ (ఫైఫ్)

మా క్లబ్‌లో గ్రౌండ్ పని చేసేవాళ్ళలో నేనొకణ్ణి. జీతం లేదు, ఇష్టంతో చేస్తాను. ఇద్దరూ ఆకాశం గురించే మాట్లాడుతున్నారు. నేల గురించి ఎవరైనా మాట్లాడాలి.

వాన ఆగడం వేరు, నేల ఆటకి సిద్ధంగా ఉండడం వేరు. స్క్వేర్ అంటే గ్రౌండ్ మధ్యలో పిచ్‌లన్నీ పక్కపక్కనే ఉండే చోటు. అదంతా బంకమన్ను ఎక్కువున్న మట్టి. ఎండితే రాయిలా గట్టిపడి మంచి బౌన్స్ ఇస్తుంది. తడిగా ఉన్నప్పుడు దాని మీద స్పైకులతో పరిగెడితే గుంటలు పడతాయి. ఆ గుంటలు అలాగే ఎండిపోతాయి. రెండు వారాల తర్వాత పక్క పిచ్ మీద మ్యాచ్ జరుగుతుంటే, అదే గుంట బౌలర్ కాలు మడత పెడుతుంది. ఒక్క సాయంత్రం పంతానికి ఆడితే నెల రోజుల పిచ్‌లు పాడవుతాయి. నేను కళ్ళారా చూశాను.

ఇక కవర్లు. పెద్ద గ్రౌండ్లలో చక్రాల మీద దొర్లే కవర్లుంటాయి, కింద గాలి ఆడుతుంది. మా దగ్గర ఉన్నది నేల మీద పరిచే షీట్. అది పిచ్‌ని మాత్రమే కప్పుతుంది, బౌలర్ పరిగెత్తే దారిని కప్పదు. రాత్రంతా కప్పి ఉంచితే కింద నేల చెమట పట్టినట్టు తడుస్తుంది. తెరిపిచ్చినప్పుడల్లా తీసి గాలి తగలనివ్వాలి, మబ్బేస్తే మళ్ళీ కప్పాలి. ఆ పనికి నలుగురు కావాలి. శనివారం పొద్దున ఏడింటికి వచ్చేది నేనూ, డెబ్భై దాటిన ఒక పెద్దాయనా. ఆటగాళ్ళు పన్నెండుకి కిట్ బ్యాగులతో దిగుతారు.

కాబట్టి పొద్దున్నే రద్దు చేయడం ప్రతిసారీ బద్ధకం కాదు. గురువారం నుంచి కురిసి, బూటు మడమతో నొక్కితే నీళ్ళు పైకి ఊరుతుంటే, ఆ రోజు ఎంత ఎండ కాసినా లాభం లేదు. ఎనిమిదికి తెలిసిన సంగతి ఎనిమిదికే చెప్పాలి. కానీ లీత్ తమ్ముడు చెప్పిన దాంట్లో ఒక మాట నిజం. ఫోన్ చూసి రద్దు చేయడం తప్పు. మడమ పెట్టి చూడాలి.

అబెర్డీన్ గోదారబ్బాయి

మా సమస్య వేరే. మాకు హార్ ఉంది. తూర్పు తీరాన లేనివాళ్ళకి చెప్తున్నాను: వెచ్చటి గాలి చల్లటి నార్త్ సీ మీదుగా వచ్చేటప్పుడు దట్టమైన పొగమంచు కడుతుంది. వేసవిలోనూ వస్తుంది. పొద్దున పదింటికి స్ట్రైకర్ నుంచి బౌలర్ కనిపించడు. కొన్ని మైళ్ళు లోపలికి వెళ్తే నిండా ఎండ. మధ్యాహ్నానికి ఒక్కోసారి అరగంటలో మొత్తం విడిపోతుంది, ఒక్కోసారి సాయంత్రం దాకా కదలదు. నేను చూసినంతలో ఏ యాప్ కూడా దీన్ని సరిగ్గా పట్టుకోలేదు.

హార్ వల్ల నేల పాడవదు. చూపు ఒక్కటే ఇబ్బంది. కాబట్టి మా దగ్గర పొద్దున్నే రద్దు చేయడానికి అసలు కారణమే లేదు, ఆగడమే సరైన పని. ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ 1948 సెప్టెంబరులో బ్రిటన్‌లో తన ఆఖరి సెంచరీ కొట్టింది మా ఊరి మ్యానోఫీల్డ్ గ్రౌండ్‌లోనే. ఆ గేటు దాటి వెళ్ళిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అలాంటి చోట ఆట ఆడకుండా ఇంట్లో కూర్చోమంటే మనసొప్పదు.

స్టిర్లింగ్ స్కోరర్

మా ఆయన ఆడతారు, నేను స్కోరు రాస్తాను. ఆగుదాం ఆగుదాం అనేవాళ్ళు ఒక్క విషయం ఆలోచించండి. ఆ ఆగే సమయం మీ ఒక్కరిదే కాదు. మ్యాచ్ ఉంటే నేను గ్రౌండ్‌లో ఉండాలి, బాబుని ఎవరి దగ్గరో వదలాలి. ఆ పని అరగంట ముందు చెప్తే కుదరదు. మ్యాచ్ ఉన్నా సంతోషమే, లేకపోయినా సర్దుకుంటాను. ఉందో లేదో తెలియని నాలుగు గంటలే నాకు టెన్షన్. ఏ టైమైనా ఫరవాలేదు, కానీ అది ఒకటే టైము అయ్యుండాలి, దాన్ని అందరూ పాటించాలి.

డండీ స్టూడెంట్

ఇంత గొడవ ఎందుకు? రెండో జట్లన్నీ ఆర్టిఫిషియల్ పిచ్‌ల మీద ఆడితే పోదా? హైదరాబాద్‌లో నేను చిన్నప్పటి నుంచి మ్యాట్ మీదే ఆడాను.

రోలర్ డ్యూటీ (ఫైఫ్)

తమ్ముడూ, పిచ్ ఆరినా దాని చుట్టూ ఉన్న గడ్డి ఆరదు కదా. బౌలర్ రనప్ బురదలోంచే, ఫీల్డర్ డైవ్ నీళ్ళలోకే. కొన్ని మ్యాచ్‌లు దక్కుతాయి, కాదనను. వారం మధ్యలో సాయంత్రం ఆడే ట్వంటీ20లకి, పిల్లల మ్యాచ్‌లకి చాలా మంచిది. కానీ శనివారం లీగ్ మొత్తం దాని మీదకి మారిస్తే ఇక్కడి ఆట ప్రాణం పోతుంది. మే నెలలో పచ్చి పిచ్ మీద సీమ్ అయ్యే (కుట్టు మీద పడి పక్కకి తిరిగే) బంతిని ఆడటం నేర్చుకోవడమే ఇక్కడి బ్యాటర్‌కి చదువు.

లీత్ ఆఫ్‌స్పిన్నర్ (ఎడిన్‌బరా)

రోలర్ అన్నా, మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. కవర్ల పనికి ఇద్దరే వస్తున్నారని చదివాక సిగ్గేసింది. వచ్చే శనివారం నుంచి మా హోమ్ మ్యాచ్‌లకి ఏడున్నరకి నేనుంటాను.

కానీ నిర్ణయం ఎవరిది అనేది తేలాలి. క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ క్లబ్ నియమాల్లో 6.3 ప్రకారం మ్యాచ్‌కి ముందు పిచ్ తయారీ గ్రౌండ్ వాళ్ళ బాధ్యత. 2.7 ప్రకారం ఆడటం ప్రమాదకరమా, అనుచితమా అని తేల్చేది అంపైర్లు మాత్రమే. మా డివిజన్‌కి బయటి అంపైర్లు రారు, ఆటగాళ్ళే నిలబడతారు. అందుకే హోమ్ జట్టు చేతికి మొత్తం అధికారం వెళ్ళిపోతోంది. ఆ రోజు వాళ్ళకి మనుషులు తక్కువైనా ఫోర్‌కాస్ట్ బాలేదనొచ్చు. మొన్న అలా జరిగిందని నేననను. అనుమానానికి చోటివ్వకూడదు అంటున్నాను. గ్రౌండ్ నుంచి చిన్న వీడియో పంపమంటే తప్పేముంది? మడమ నొక్కుతూ తీసిన పది సెకన్ల వీడియో.

గ్లాస్గో ఎడమచేతి పేసర్

వీడియో సంగతి నాకు నచ్చింది. దానికి ఓటేస్తా.

కానీ ఆగడం గురించి నా మాట మారదు. 2007 జూలై 3న మా గ్లాస్గోలోని టిట్‌వుడ్ గ్రౌండ్‌లో ఇండియా–పాకిస్తాన్ వన్డే. నేనప్పుడు ఇక్కడ చదువుకుంటున్నాను. ద్రవిడ్‌ని చూడాలని ఎంత ఆశపడ్డానో. 2003లో ఆయన స్కాట్లాండ్ జట్టుకి ఆడాడని ఇక్కడివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వాన వల్ల ఒక్క బంతి కూడా పడలేదు. అంతర్జాతీయ మ్యాచ్‌కి ఉన్న మనుషులు, సామాన్లు ఉండి కూడా కుదరలేదు. మన దగ్గర ఒక షీటు, రెండు స్పాంజీలు. ఎంతసేపు ఆగితే ఏం లాభం?

అబెర్డీన్ గోదారబ్బాయి

అదే టిట్‌వుడ్‌లో అదే ఏడాది ఆగస్టు 16న ఇండియా–స్కాట్లాండ్ మ్యాచ్ జరిగింది కదా అన్నా, మనం గెలిచాం కూడా. జూలైలో పోయిందని ఆగస్టులో ఎవరూ మానుకోలేదు.

లీత్ ఆఫ్‌స్పిన్నర్ (ఎడిన్‌బరా)

బుధవారం మా క్లబ్ మీటింగ్. లీగ్‌కి పంపమని ఇలా రాసి ఇవ్వబోతున్నాను: ఫోర్‌కాస్ట్ మాత్రమే చూసి రద్దు చేయకూడదు. గ్రౌండ్ తడిసి ఉంటే వీడియోతో ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. లేకపోతే పదిన్నరకి ఒకే నిర్ణయం, ఇద్దరు కెప్టెన్లూ ఫోన్‌లో మాట్లాడుకుని. మే నుంచి జూలై దాకా మ్యాచ్ మూడున్నర వరకు ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు. ఆగస్టు ఆఖరుకి ఎనిమిది దాటగానే పొద్దు గుంకుతుంది కాబట్టి అప్పుడు రెండున్నర వరకే. స్కోరర్ అక్కా, పదిన్నర మీకు సరేనా?

స్టిర్లింగ్ స్కోరర్

సరే. అయితే ఆలస్యంగా మొదలయ్యే సంగతి కూడా పదిన్నరకే చెప్పాలి.

గ్లాస్గో ఎడమచేతి పేసర్

పదిన్నర అంటే మేము అప్పటికే కార్లలో ఉంటాం. దూరం మ్యాచ్‌లకి తొమ్మిదిన్నర చేయండి, మా జట్టు మొత్తం చేత సంతకం పెట్టిస్తాను.

అబెర్డీన్ గోదారబ్బాయి

తొమ్మిదిన్నరకి హార్ విడిపోదన్నా.

లీత్ ఆఫ్‌స్పిన్నర్ (ఎడిన్‌బరా)

సరే, తీరం గ్రౌండ్లకి పదిన్నర, మిగతా చోట్ల దూరం మ్యాచ్‌లకి తొమ్మిదిన్నర అని రెండుగా రాస్తాను. రోలర్ అన్నా, గ్రౌండ్ చూసే మనిషి తొమ్మిదికల్లా అక్కడ ఉండగలడా? దాని మీద మీ మాట వచ్చాకే కాగితం పంపుతాను.