మా రోజీకి ఉన్నట్టుండి ముక్కు వెంట రక్తం పడుతోంది, కారణం తెలియడం లేదు

ప్రశ్న (ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. మా రోజీకి ఐదేళ్లు. తల్లి జర్మన్ షెపర్డ్, తండ్రి ఊరి కుక్క. పన్నెండు రోజుల కిందట తెల్లవారుజామున అది వరుసగా తుమ్ముతుంటే లేచి చూశాను. వరండా గచ్చు మీద, గోడ మీద ఎర్రటి తుంపరలు కనిపించాయి. కుడి ముక్కు రంధ్రం నుంచి రక్తం బొట్లు బొట్లుగా కారుతోంది. ఎక్కడా దెబ్బ తగలలేదు, ఏ కుక్కతోనూ కొట్లాడలేదు. ఇరవై నిమిషాలకు అదే ఆగింది. ఆ రోజే మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకువెళితే రక్తం ఆగడానికి ఒక సూది వేసి, మళ్లీ వస్తే తీసుకురమ్మన్నారు. ఎనిమిది రోజులు బాగానే ఉంది. తొమ్మిదో రోజు సాయంత్రం మళ్లీ మొదలైంది, ఈసారి రెండు రంధ్రాల నుంచీ కారి దాదాపు అరగంట ఆగలేదు.

చుట్టుపక్కల అందరూ ఎండలకు వేడి చేసిందంటున్నారు. మా అత్తగారు ప్రేమతో రోజూ సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ పట్టిస్తున్నారు. తిండి కొంచెం తగ్గింది కానీ పూర్తిగా మానలేదు. పిలిస్తే వస్తుంది, అయితే గేటు దాకా పరుగెత్తడం లేదు. ఇలా ఎందుకు జరుగుతోందో, రక్తం కారుతున్నప్పుడు నేను ఏం చేయాలో, ఏ పరీక్షలు అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? రాత్రుళ్లు దాని పక్కనే వరండాలో పడుకుంటున్నాను, అది తుమ్మితే చాలు గుండె జారిపోతోంది.

జవాబు (విజయనగరం నుంచి)

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందటి మా టైగర్ కళ్ల ముందు మెదిలింది. ముందుగా రక్తం కారుతున్నప్పుడు చేయవలసినది చెబుతాను, ఎందుకంటే అది ఈ రాత్రికే అవసరం పడవచ్చు.

దానిని చల్లని నేల మీద, వెలుతురు తక్కువగా ఉన్న చోట, చుట్టూ జనం లేకుండా పడుకోబెట్టండి. కంగారుపడితే రక్తపోటు పెరిగి రక్తం ఇంకా కారుతుంది కనుక మీరు కూడా నెమ్మదిగా మాట్లాడండి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి ముక్కు పైభాగం మీద, కళ్లకు కింద, కాసేపు ఉంచి తీస్తూ ఉండండి, కానీ ఊపిరికి అడ్డం రానివ్వకండి. తల పైకెత్తి పట్టుకోకూడదు, రక్తం గొంతులోకి పోతుంది. రంధ్రాల్లో దూది కుక్కకూడదు, అది తుమ్ము తెప్పించి కట్టిన గడ్డను ఊడగొడుతుంది. మూతి కట్టకూడదు. ఇంట్లో మనకోసం ఉంచుకున్న నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పొరపాటున కూడా వేయకండి. పావుగంట దాటినా ఆగకపోతే, లేదా చిగుళ్లు తెల్లబారితే, ఎంత రాత్రయినా బయలుదేరవలసిందే.

ఇప్పుడు వెలుతురులో దానిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వెంట్రుకలు పలచగా ఉన్న చోట, చెవుల లోపలి వైపు, చిగుళ్ల మీద చూడండి. గుండుసూది మొన గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు గానీ, కమిలినట్టు ఊదా మచ్చలు గానీ ఉన్నాయా? మా టైగర్‌కు అవి ఉన్నాయి, మేము గమనించలేదు. మేము కూడా మూడు వారాలు వేడి అనుకుని బార్లీ నీళ్లు తాగించాము. చివరికి రక్తపరీక్ష చేయిస్తే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పదకొండు వేలే ఉన్నాయి. ఆ మూడు వారాలు ముందుగా వెళ్లి ఉంటే బతికేవాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మిమ్మల్ని ఇంత గట్టిగా తొందరపెడుతున్నాను. పిడుదులు ఉన్నాయా, ఈ మధ్య ఎప్పుడైనా పీకారా అన్నది కూడా గుర్తు చేసుకోండి.

జవాబు (శ్రీకాకుళం జిల్లాలో పనిచేస్తున్న పశువైద్యుడిని)

పై జవాబులోని జాగ్రత్తలన్నీ సరైనవే. కారణం గురించి కొంచెం వివరంగా రాస్తాను.

రక్తం ముక్కు నుంచి వస్తోంది కనుక జబ్బు ముక్కులోనే ఉందనుకోవడం సహజం, కానీ మన ప్రాంతంలో దెబ్బ తగలకుండా కుక్క ముక్కు నుంచి రక్తం కారితే నేను మొదట రక్తాన్నే అనుమానిస్తాను. ఒక్క రంధ్రం నుంచే ఎప్పుడూ వస్తుంటే గడ్డిపరక ఇరుక్కోవడం, కణితి, పై దవడ పంటి వేరులో చీము వంటి ముక్కుకు సంబంధించిన కారణాలు ఎక్కువగా ఉంటాయి. రెండు వైపుల నుంచీ వస్తే రక్తం గడ్డకట్టే ప్రక్రియలోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇది కచ్చితమైన నియమం కాదు గానీ, మొదట ఒక వైపు, తరువాత రెండు వైపులా అని మీరు రాసినది నన్ను రెండో దారి వైపే తీసుకువెళుతోంది.

ఆ దారిలో మొదట నిలిచేది ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు అది రక్తంలోకి చేరి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దీనిని 1935లో అల్జీరియాలో మొదటిసారి గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం వెంట ఉన్న జర్మన్ షెపర్డ్ కుక్కలు పెద్ద సంఖ్యలో ముక్కు వెంట రక్తం కారి చనిపోయినప్పుడు గానీ దాని తీవ్రత లోకానికి తెలియలేదు. ఆ జాతికి ఈ జబ్బు మిగతావాటికన్నా తీవ్రంగా వస్తుంది కనుక మీ రోజీ విషయంలో ఆలస్యం వద్దంటున్నాను. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం వచ్చి తగ్గిపోవచ్చు, తరువాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించకుండా ఉండి, ఆపైన ఇలా రక్తస్రావంతో బయటపడవచ్చు. ఆ ఆఖరి దశలో ఎముక మజ్జ దెబ్బతింటే కోలుకోవడం చాలా కష్టం. ఈ రోజు ఒంటి మీద పిడుదు కనబడలేదన్నంత మాత్రాన ఈ జబ్బు కాదని అనుకోలేము.

వేడి చేసిందనే మాట గురించి కూడా చెప్పాలి. ఎండలు ముదిరేకొద్దీ పిడుదులు త్వరత్వరగా పెరుగుతాయి, కనుక ఈ రక్తస్రావాలు ఎండాకాలంలో ఎక్కువగా పెద్దల కంటబడి ఉంటాయి. వారు చూసింది నిజమే, కారణం మాత్రం వేరు. మజ్జిగ వల్ల హాని లేదు, వైద్యం మాత్రం కాదు.

అన్నిటికన్నా ముందు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి; 50 వేల కిందికి దిగితే దెబ్బ లేకుండానే రక్తం కారే ప్రమాదం మొదలవుతుంది. ఒక జాగ్రత్త: గొట్టంలో ప్లేట్‌లెట్లు ముద్ద కట్టుకుంటే యంత్రం తక్కువ లెక్క చూపిస్తుంది, అందుచేత గాజు పలక మీద రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో కూడా చూడమని అడగండి. దానిలోనే బబీసియా వంటి పరాన్నజీవులు కూడా కనిపించవచ్చు. దానితోపాటు ఎర్లీకియా యాంటీబాడీ పరీక్ష, కాలేయం, కిడ్నీల పరీక్షలు, వీలైతే రక్తపోటు చూడడం మంచిది, ఎందుకంటే కిడ్నీ జబ్బుతో రక్తపోటు పెరిగినా ముక్కు నుంచి రక్తం వస్తుంది. మీకు గరివిడిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉన్నట్టే. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి విజయనగరం వైపు వెళ్లే పాసింజరు రైలు గరివిడిలో ఆగుతుంది. అయితే రైల్లో రద్దీ ఉంటుంది కనుక, ఈ స్థితిలో కారో ఆటోనో మాట్లాడుకుని వెళ్లడమే మేలు. ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిసేదాకా కండకు సూదులు వేయించవద్దు, లోపలే రక్తం కారి గడ్డలా చేరుతుంది.

జవాబు (రాజాం నుంచి)

డాక్టరుగారు రాసినదానికి ఒక్క మాట కలుపుతాను. మాది రైసుమిల్లు. ఎలుకల కోసం బ్రోమాడయోలోన్ అనే విషం కలిపిన బిస్కెట్లు పెట్టాము. మా కుక్క వాటిని గానీ, అవి తిని చచ్చిన ఎలుకను గానీ తిన్నట్టుంది. నాలుగో రోజు ముక్కు నుంచి రక్తం మొదలైంది. అందరూ పిడుదుల జ్వరమే అన్నారు, కానీ ప్లేట్‌లెట్లు దాదాపు మామూలుగానే ఉన్నాయి. రక్తం గడ్డకట్టే సమయం చూసే ప్రోత్రాంబిన్ పరీక్ష చేస్తే, ఆ ఎలుకల మందే రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదని తెలిసింది. విటమిన్ కె1 నాలుగు వారాలు ఇచ్చాక బతికింది. మీ ఇంట్లో గానీ, పక్కవారి గాదెల్లో గానీ ఎలుకల మందు పెట్టారేమో తప్పక అడగండి, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు (ఆరు రోజుల తరువాత)

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చెప్పినట్టే చూస్తే రోజీ పొట్ట మీద ఎర్ర చుక్కలు కనిపించాయి. మరునాడే గరివిడి వెళ్లాము. ప్లేట్‌లెట్లు 19 వేలు, పూత చూసి కూడా అదే నిర్ధారించారు. ఎర్లీకియా పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎలుకల మందు మా వీధిలో ఎవరూ పెట్టలేదని కనుక్కున్నాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర 28 రోజులు వాడమన్నారు. ఐదో రోజుకు సంఖ్య 64 వేలకు వచ్చింది, రక్తం మళ్లీ కారలేదు, నిన్న గేటు దాకా వెళ్లి మొరిగింది. అయితే మాత్ర వేసిన గంటకు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇంకొక సంగతి, వరండా గోడ పగుళ్లలో సన్నటి పిడుదులు పాకుతూ కనిపించాయి. ఏం చేయమంటారు?

జవాబు (పశువైద్యుడు)

చాలా సంతోషమమ్మా. మాత్రను ఖాళీ కడుపున ఇవ్వకండి, అన్నం ముద్దలో పెట్టి, వెంటనే కొంచెం నీళ్లు తాగించండి, లేకపోతే అది గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. పాలు, పెరుగు ఆ పూటకు దూరంగా ఉంచండి, మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. అయినా వాంతులు ఆగకపోతే మీ డాక్టరుకు చెప్పండి, మీకు మీరుగా మానవద్దు. పదో రోజుకే పూర్తిగా కోలుకున్నట్టు కనిపిస్తుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. 28 రోజులూ పూర్తి చేసి, చివర్లో ఒకసారి, ఆపిన నెల తరువాత ఒకసారి ప్లేట్‌లెట్లు చూపించండి. యాంటీబాడీ పరీక్ష జబ్బు తగ్గిన తరువాత కూడా చాలా నెలలు పాజిటివ్‌గానే ఉండవచ్చు, దానిని చూసి భయపడకండి. సంఖ్య లక్ష దాటేదాకా మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడండి, ఎముకలు కొరకనివ్వకండి.

పిడుదులు కుక్క మీద రక్తం తాగి, దిగి, పగుళ్లలోనే వేల గుడ్లు పెడతాయి. కనుక కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే ఫలితం నిలవదు. పగుళ్లను సిమెంటుతో పూడ్పించండి, దాని గోనెపట్టాను కాల్చివేయండి, డాక్టరు చెప్పిన మోతాదులో గోడలకు, గచ్చుకు మందు కొట్టించి, పూర్తిగా ఆరేదాకా రోజీని, పిల్లలను, పిల్లులను అటు రానివ్వకండి. రెండు మూడు వారాలకు గుడ్ల నుంచి కొత్త పిడుదులు వస్తాయి కనుక మళ్లీ కొట్టించాలి. రోజీకి నెలకొకసారి నమిలే మాత్ర గానీ, పన్నెండు వారాలు పనిచేసేది గానీ మీ డాక్టరు సూచిస్తారు. చేత్తో పీకిన పిడుదును గోటితో నలపకండి, సబ్బునీళ్లు ఉన్న సీసాలో వేయండి.

జవాబు (విజయనగరం నుంచి)

గేటు దాకా వెళ్లి మొరిగిందన్న మాట చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. 28వ రోజు పరీక్ష అయ్యాక సంఖ్య ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి అమ్మా, ఎదురుచూస్తుంటాను.