13 ఏళ్ల చిన్న కారు, తిరిగింది తక్కువ. ముందు ఏం మార్చాలి?

ప్రశ్న:

మా మేనమామ గారి పాత హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. పెట్రోల్ బండి, మామూలు గేర్లు. 13 ఏళ్లయినా 46 వేల కిలోమీటర్లే తిరిగింది, ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంది. ఇంజన్ శబ్దం బాగుంది, పికప్ బాగుంది. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది, బండి కదలగానే దిగుతోంది. గుంతల్లో పడితే ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటోంది. ఒక మెకానిక్ "ఇంత తక్కువ తిరిగిన బండికి ఏమీ అక్కర్లేదు, ఆయిల్ మార్చి నడుపుకోండి" అన్నారు. ఇంకొకరు చాంతాడంత లిస్టు రాసిచ్చారు. అన్నీ ఒకేసారి చేయించలేను. రోజూ ఆఫీసుకు ఇదే బండి కావాలి. ఏది ముందు, ఏది ఆగొచ్చు? చాలా టెన్షన్‌గా ఉంది.

మొదటి జవాబు:

ముల్లు సంగతి ముందు చూడండి. ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే మొదటి అనుమానం రేడియేటర్ ఫ్యాను మీదే. బండి నడుస్తుంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాను తిరుగుతుంది. అప్పుడు కూడా తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యానుకు కరెంటు ఇచ్చే స్విచ్చు), ఫ్యాను మోటారు చూడాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్ వైపు చూడాలి. ఇంజన్ ఆపేసినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, అక్కడ చేయి పెట్టకండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అసలు తీయొద్దు, లోపలున్న ఒత్తిడికి మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

రెండో జవాబు:

ఫ్యాను గురించి పైన చెప్పింది సరైనదే. నేను ఆ మొదటి మెకానిక్ మాట గురించి చెప్తాను. తక్కువ తిరిగింది కాబట్టి ఏమీ అక్కర్లేదనడం పాత బండి విషయంలో ప్రమాదకరమైన సలహా. పిస్టన్లు, గేర్లు, బేరింగులు తిరిగిన కొద్దీ అరుగుతాయి, నిజమే. కానీ రబ్బరు, ద్రవాలు, టైర్లు, బ్యాటరీ బండి నిలబడి ఉన్నా పాతబడతాయి. మీ బండిలో మొదటి రకం బాగానే ఉండి ఉంటుంది. రెండో రకం మొత్తాన్నీ అనుమానించాలి.

అన్నిటికంటే ముందు, మీ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉందా, టైమింగ్ చైన్ ఉందా అన్నది తెలుసుకోండి. వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసేది ఇదే. బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చైన్ అయితే సాధారణంగా ఇన్నేళ్లకు మార్చాలన్న గడువు ఉండదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమంటోందేమో వింటే చాలు. బెల్టయితే మాత్రం వాయిదా వేయకండి. చాలా ఇంజన్లకు బెల్టు గడువు సుమారు 60 వేల నుంచి లక్ష కిలోమీటర్లు, లేదా 5 నుంచి 7 ఏళ్లు, ఏది ముందు వస్తే అది. మీది కిలోమీటర్ల లెక్కలో కొత్తదే, ఏళ్ల లెక్కలో గడువు ఎప్పుడో దాటిపోయింది. చాలా ఇంజన్లలో ఈ బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగులుతాయి, వాల్వులు వంగిపోతాయి. అప్పుడు హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పాల్సిందే. తెగే ముందు బెల్టు శబ్దం చేసి హెచ్చరిస్తుందని నమ్మకం లేదు. మార్చినట్టు బిల్లు గానీ స్టిక్కర్ గానీ కనబడకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా, దారిలో ఉంచే కప్పీలు (టెన్షనర్, ఐడ్లర్) కూడా మార్చమనండి. వాటర్ పంపు అదే బెల్టు మీద తిరిగేదైతే దాన్నీ ఇప్పుడే మార్చడం మేలు, తర్వాత అది లీకయితే ఇదంతా మళ్లీ విప్పాలి.

తర్వాత బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడవైన దిగుడు రోడ్డు మీద బ్రేకులు వేడెక్కితే ఆయిల్ మరిగి, ఆవిరి పుట్టి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మామూలు పద్ధతి. ఖర్చు చిన్నది, సాకు చెప్పకుండా చేయించండి.

టైర్లు గాట్లు చూసి బాగున్నాయనుకోకండి. టైరు పక్క గోడ మీద DOT అన్న అక్షరాలున్న వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2314 అంటే 2014లో 23వ వారం తయారీ. పదేళ్లు దాటిన టైరును గాట్లు ఎంత లోతున్నా తీసేయాలి. స్టెప్నీని కూడా అలాగే చూడండి, దాన్ని అందరూ మరిచిపోతారు.

ఆగగలిగినవి: పెయింటు గీతలు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, సెంట్రల్ లాక్. ఇంజన్ కింద కొద్దిగా చెమర్చినట్టున్న ఆయిల్ తడి కూడా ఆగొచ్చు, చుక్కలుగా నేల మీద పడనంతవరకు. వారానికోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూసుకుంటే చాలు.

అడిగినవారు:

చాలా థ్యాంక్సండీ. ఏసీ వేసినా ఫ్యాను తిరగలేదు. రిలే పోయిందట, మార్చాక ముల్లు సగం దగ్గరే నిలబడుతోంది. కానీ కూలెంట్ డబ్బాలో నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. ఇంజన్‌లో బెల్టే ఉంది, మార్చిన ఆధారం ఏమీ లేదు. మెకానిక్ ఏదో కెమికల్ పోసి రేడియేటర్ కడుగుతానంటున్నారు. పోయించనా?

రెండో జవాబు ఇచ్చినవారు:

ఘాటైన కెమికల్ వద్దండీ. పాత రేడియేటర్‌లో కొన్ని సన్నని చిల్లులు ఆ తుప్పుతోనే మూసుకుని ఉండొచ్చు, అది కడిగేస్తే కారడం మొదలవుతుంది. పాత నీళ్లు వదిలేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, మంచినీళ్లతో తేటగా వచ్చేదాకా కడిగించండి. చివరికి పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఉత్త నీళ్లు పోస్తే మళ్లీ తుప్పే. లోపల గాలి బుడగ లేకుండా తీయించి, మరుసటి రోజు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి. పైపులు చేత్తో నొక్కి చూడండి, బిరుసెక్కి పర్రెలు కనిపిస్తే ఇదే అదను, మార్చేయండి.

ఒక్కటి మాత్రం గమనిస్తూ ఉండండి. మట్టం మళ్లీ మళ్లీ తగ్గుతున్నా, ఆయిల్ మూత కింద పాల మీగడలాంటిది కనబడినా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ దాని కింది ఇంజన్ భాగానికీ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించాలి. చలిలో స్టార్ట్ చేసిన కొన్ని నిమిషాలు వచ్చే ఆవిరి వేరు, దానికి భయపడొద్దు.

మూడో జవాబు:

టకటక శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు. చిన్న గుంతల్లో ఒక పక్కే కొడుతుంటే చాలాసార్లు స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీని చక్రం వైపు కలిపే ముక్క) అయి ఉంటుంది. అది చిన్న భాగం, త్వరగా మారిపోతుంది. కానీ ఊహించి మార్చించకండి. చక్రం పైకెత్తించి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి) రబ్బరు బుష్‌లు, దాని చివర చక్రాన్ని కలిపే బాల్ జాయింటు ఊగుతున్నాయేమో రాడ్డుతో కదిపి చూడమనండి. బాల్ జాయింటు ఊడితే నడుస్తున్న బండి చక్రం పక్కకు పడిపోతుంది, కాబట్టి అందులో లూజు ఉంటే బెల్టు కంటే ముందు ఇదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడు టిక్ టిక్ మంటే అది ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ చివరి కీలు, అంటే సీవీ జాయింటు. దాని మీద రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మిందేమో అదే సమయంలో చూసేయొచ్చు.

అడిగినవారు:

పైకెత్తి చూశారు. లింకే పోయింది, బాల్ జాయింటు గట్టిగా ఉంది. టైర్లు నాలుగూ బండితో వచ్చినవే. ఈ నెల బెల్టు, పంపు, కూలెంట్, బ్రేక్ ఆయిల్. టైర్లు వచ్చే నెల. అప్పటిదాకా హైవే ఎక్కను. ఆఫీసు మూడు కిలోమీటర్లే. దగ్గరే కాబట్టి ఇంజన్‌కు మంచిదే కదా?

రెండో జవాబు ఇచ్చినవారు:

టైర్ల విషయంలో ముందు ఉన్న రెండూ వెనకున్న రెండూ ఒకేసారి కుదరకపోతే, కొత్త జత వెనక్కి వేయించండి. వాన రోడ్డు మీద వెనక టైర్లు జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం.

మూడు కిలోమీటర్లు దూరానికి తక్కువే గానీ ఇంజన్‌కు మంచిది కాదు. ఆయిల్ సరిగా వేడెక్కే లోపే మీరు ఆపేస్తారు. చల్లటి ఇంజన్‌లో చేరే తేమా, పెట్రోలూ ఇంజన్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి, బ్యాటరీ కూడా నిండదు. హైవే వద్దనుకున్నారు కాబట్టి వారానికోసారి ఊళ్లోనే రద్దీ లేని రోడ్ల మీద ఓ అరగంట ఆగకుండా తిప్పండి. ఆయిల్ మార్పు మాత్రం కిలోమీటర్ల లెక్కన కాదు, ఏడాదికోసారి తప్పనిసరి.