మా ఊళ్ళో రాత్రి గస్తీ మళ్ళీ మొదలెట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

రాజాం రోడ్డు:
సుమారు 180 గడపల ఊరు మాది. సగం ఇళ్ళకి తాళాలే, కుర్రాళ్ళంతా చెన్నై, హైదరాబాద్ పనుల్లో ఉన్నారు. సంక్రాంతిలోపు గస్తీ నిలబెట్టాలి. రోజుకి ఎంతమంది? ఎన్ని షిఫ్టులు? స్టేషన్లో పర్మిషన్ ఎలా? చందా ఎంత? కెమెరాలు పెట్టేస్తే గస్తీ అక్కర్లేదా? కర్రలు, విజిల్స్ అయితే కొనేశాం.

నాగావళి గట్టు:
విజిల్స్ ఎందుకు కొన్నారండీ బాబూ! "మేం ఈ వీధిలో ఉన్నాం, నువ్వు ఆ వీధిలో చూసుకో" అని దొంగకి చెప్పడానికా? 180 గడపల ఊరు ఒక చుట్టు తిరగడానికి 40 నిమిషాలు. తాళం కప్ప విరగ్గొట్టడానికి 3 నిమిషాలు చాలు. లెక్క మీరే వేసుకోండి.

డే అండ్ నైట్:
బీటు (గస్తీ తిరుగుడు) సంగతి తెలియనివాళ్ళే ఇలా అంటారు. గస్తీ ఉన్నది దొంగని పట్టుకోవడానికి కాదు, ఊళ్ళోకి రాకుండా చెయ్యడానికి. చప్పుడు వినబడాలి, టార్చి వెలుగు కనబడాలి. నిశ్శబ్దంగా నడిచి వీరుడిలా పట్టేద్దామనుకుంటే రాయి దెబ్బ తగిలేది గస్తీవాడికే.

నాగావళి గట్టు:
వినబడితే గోడ పక్కన కూర్చుంటాడు, మీరు దాటాక లేస్తాడు. అదేం ఆపడం?

డే అండ్ నైట్:
అందుకే ఒకే దారిలో తిరక్కూడదు. వీధి చివరిదాకా వెళ్ళి పది నిమిషాలాగి అదే వీధిలోకి వెనక్కి రావాలి. రామాలయం దగ్గర బయల్దేరి రామాలయం దగ్గరే ముగించే గస్తీని వారం రోజులు చూస్తే ఎవడికైనా కంఠతా వచ్చేస్తుంది. ఒక రోజు చెరువు వైపు నుంచి, ఇంకో రోజు బడి వైపు నుంచి మొదలెట్టండి. ఆ రోజు ఏ వైపో బయల్దేరే ముందు చీటీ తీసి తేల్చండి.

జీడితోట:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. రోజూ విజిల్ ఊదితే, నిజంగా ఆపద వచ్చిన రాత్రి ఊదినప్పుడు ఎవడు లేస్తాడు? మామూలు తిరుగుడికి కర్ర చప్పుడు చాలు. విజిల్ ఆపదకి మాత్రమే, మూడు పొట్టి ఊదుళ్ళు. వినగానే ప్రతి ఇంట్లో బయటి లైటు వెయ్యాలి. ఎవరూ పరిగెత్తక్కర్లేదు, ఊరంతా వెలిగితే సగం పని అయినట్టే.

నాగావళి గట్టు:
ఇది ఒప్పుకుంటాను. డే అండ్ నైట్ గారి మాట మాత్రం ఒప్పుకోను.

మూడు లాంతర్లు:
విజిల్ పురాణం చాలు, కెమెరా సంగతి చెప్తాను, ఈ పని చేసేవాణ్ణి కనక. 20 అడుగుల స్తంభం మీద పెడితే నడినెత్తి తప్ప మొహం కనబడదు. తొమ్మిది, పది అడుగుల ఎత్తులో, బళ్ళు నెమ్మదించే స్పీడ్ బ్రేకర్ దగ్గర పెట్టండి. 3.6 మిల్లీమీటర్ల లెన్సు వీధి మొత్తం చూపిస్తుంది గానీ బండి నంబరు ఇవ్వదు. నంబరుకి వేరే కెమెరా, 12 మిల్లీమీటర్లది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు నంబరు ప్లేటు మీద పడి ప్లేటంతా తెల్లగా అయిపోతుంది, కాబట్టి ఆ కెమెరాకి షట్టర్ వేగం పెంచాలి.

హార్డ్ డిస్కు: 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) బిట్‌రేటుకి రోజుకి సుమారు 21.6 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలకి 30 రోజులంటే 2,600 జీబీ. కొట్టువాడు 1 టీబీ అంటగడితే పదకొండు, పన్నెండు రోజులకే పాతది చెరిగిపోతుంది. పండక్కి ఊరెళ్ళినోడు తిరిగొచ్చి చోరీ చూసుకునేసరికి రికార్డింగే ఉండదు. 4 టీబీ, అదీ కెమెరాల కోసం చేసే డిస్కే తీసుకోండి.

తోటపల్లి కాలువ:
కరెంటు వీధిలైటు లైను నుంచి తీసుకోవచ్చు కదా?

మూడు లాంతర్లు:
వద్దు. తెల్లారగానే వీధిలైట్లు ఆపేస్తే కెమెరా కూడా ఆగుతుంది. పైగా మీటరు లేకుండా తగిలిస్తే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద కరెంటు దొంగతనం. దొంగల కోసం పెట్టిన కెమెరా దొంగ కరెంటు మీద నడవడం ఏటండీ! పంచాయతీ ఆఫీసు మీటరు నుంచి లాగి, ఇన్వర్టరు మీద పెట్టండి.

ఇంకోటి, డీవీఆర్లో (కెమెరాల రికార్డింగు దాచే పెట్టె) గడియారం. లోపలి చిన్న బ్యాటరీ పోతే తేదీ ఏ 2000 సంవత్సరానికో వెళ్ళిపోతుంది. నెలకోసారి చూడండి. సాక్ష్య చట్టం మారాక రికార్డింగు కోర్టుకి వెళ్ళాలంటే 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడు) కూడా రాయాలి. డీవీఆర్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో పంచాయతీ తీర్మానంలో రాసుకుంటే ఆ సర్టిఫికెట్ మీద సంతకం దగ్గర తగువుండదు.

బారువ కెరటం:
ఇదంతా తర్వాత. ముందు బయటోళ్ళని ఆపండి. పరుపులు కుట్టేవాళ్ళు, దుప్పట్లు అమ్మే ఒరిస్సావాళ్ళు, అందరూ ఇళ్ళు చూసుకోడానికే వస్తారు. ఆధార్ చూపిస్తేనే ఊళ్ళోకి రానివ్వాలి.

జీడితోట:
మొదలైంది. ఇచ్ఛాపురం దాటితే మనమూ ఒరిస్సావాళ్ళకి బయటోళ్ళమే. 2018లో పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా దిగిందని వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకి భాష రానివాళ్ళని ఎలా కొట్టారో మరిచిపోయారా? మీ గ్రూపులో ముందు "అడ్మిన్ మాత్రమే" అని సెట్టింగు పెట్టండి.

బారువ కెరటం:
నీతులు చెప్పకండి. పోయేది మీ బంగారం కాదు కదా.

డే అండ్ నైట్:
నీతి కాదు, చట్టం. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం (బెయిలు హక్కుగా రానిది, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగలిగేది) కళ్ళెదుట జరగాలి, లేదా వాడు కోర్టు ప్రకటించిన నేరస్తుడై ఉండాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 40వ సెక్షను. పట్టుకున్నాక ఆలస్యం చెయ్యకూడదు, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. స్తంభానికి కట్టి కొడితే కేసు మీ మీదే. అయిదుగురో అంతకంటే ఎక్కువో కలిసి పుట్టిన ఊరు, భాష, కులం లాంటివి చూసి చంపితే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 103(2), ఉరి లేదా యావజ్జీవం. అనుమానం వస్తే దూరం నుంచి టార్చి వేసి, బండి నంబరు రాసుకుని, 112కి ఒక్కరే ఫోన్ చెయ్యండి. పదిమంది చేస్తే పది చోట్లు చెప్తారు.

నాగావళి గట్టు:
ఈసారి డే అండ్ నైట్ గారితో ఏకీభవిస్తున్నాను, రాసి పెట్టుకోండి. రాజాం రోడ్డు గారూ, మీ వంతుల జాబితాలో కాలనీ ఇళ్ళు ఉన్నాయా, లేక మెయిన్ వీధివాళ్ళేనా? కాలనీని వదిలేసి "ఊరి గస్తీ" అంటే అది కాలనీ మీద గస్తీ అవుతుంది. మొదటి అనుమానం అటే పోతుంది, మొదటి తగువూ అక్కడే.

రాజాం రోడ్డు:
కలుపుతాం. అడిగినవాటిలో సగం అలాగే ఉన్నాయి. షిఫ్టులు?

జీడితోట:
సగం తాళాలు, ముసలివాళ్ళే ఉన్న ఇళ్ళు ఓ ముప్పై తీసెయ్యండి, అరవైమంది మిగులుతారు. రోజుకి నలుగురు, పన్నెండు నుంచి నాలుగు, ఒకటే షిఫ్టు. అప్పుడు పదిహేను రోజులకోసారి వంతు. రెండు షిఫ్టులు పెట్టి ఎనిమిదిమందిని వేస్తే వారానికోసారి వస్తుంది, ఉగాది దాకా కూడా నడవదు. తాళం వేసిన ఇళ్ళవాళ్ళని లాక్డ్ హౌస్ మానిటరింగ్ యాప్‌లో పెట్టించండి. వెళ్ళే తేదీ, వచ్చే తేదీ ఇస్తే పోలీసులే కెమెరా పెడతారు, కదలిక ఉంటే కంట్రోల్ రూముకి అలారం పోతుంది. స్టేషన్లో ఎన్ని కెమెరాలున్నాయో ముందే అడగండి, పండక్కి అందరూ ఒకేసారి అడుగుతారు.

తోటపల్లి కాలువ:
ఊరి మధ్య తిరిగితే ఏం లాభం, ట్రాన్స్‌ఫార్మర్లు పొలాల్లో పోతున్నాయి. వ్యవసాయానికి కరెంటు పగలే తొమ్మిది గంటలు. రాత్రి లైను చచ్చి ఉంటుందని వాడికి తెలుసు. ఆయిల్ పారబోసి, రాగి తీగ చుట్టలు పట్టుకుపోతాడు. పై మూత బోల్టులకి వెల్డింగ్ వేయించమని లైన్‌మన్‌ని అడగండి, మీరు మాత్రం ముట్టుకోకండి. మోటారు కేబుల్ కూడా అంతే, పైపులో పెట్టి పూడ్చండి. పాత ఇనప సామాన్ల కొట్లవాళ్ళతో మాట్లాడండి, కాల్చిన రాగి వచ్చేది అక్కడికే.

రాజాం రోడ్డు:
పర్మిషన్?

డే అండ్ నైట్:
గస్తీవాళ్ళ పేర్లు, ఫోన్లు, తిరిగే వేళలు రాసి ఎస్‌ఐకి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సచివాలయం మహిళా పోలీసుకి ఒక కాపీ. ఖాకీ చొక్కా, "పోలీస్" అన్న బ్యాడ్జీ ఎవరూ వెయ్యొద్దు. రోడ్డు పక్కన తిరిగేవాళ్ళకి మెరిసే జాకెట్లు కొనండి, హైవే మీద లారీవాడికి నల్ల చొక్కా కనబడదు.

మూడు లాంతర్లు:
చందా మాట ఎవరూ ఎత్తలేదు. టీకి, టార్చి బ్యాటరీలకి అయ్యేది నెలకి ఎంతో రామాలయం గోడ మీద రాయండి. కెమెరాల డబ్బు అందులో కలపకండి, కలిపితే లెక్కల కోసం ఇంకో చర్చ పెట్టుకోవాలి.