‘బిగ్ స్టిక్’కి ‘దండం దశగుణం భవేత్’ సరిపోతుందా?

ప్రశ్న: ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ విదేశాంగ విధానం మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘మెల్లగా మాట్లాడు, చేతిలో పెద్ద కర్ర ఉంచుకో’ అనే ఆయన మాట దగ్గర ‘దండం దశగుణం భవేత్’ అని పెట్టేస్తే పోలేదా? పెద్దలు చెప్పాలి.

జవాబు: పెట్టకండి. శ్లోకం మొత్తం చూడండి.

విశ్వామిత్రాహిపశుషు కర్దమేషు జలేషు చ
అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్

ఇందులో విశ్వామిత్రుడు లేడు. వి అంటే పక్షి, శ్వ కుక్క, అమిత్రుడు శత్రువు, అహి పాము, ఆపైన పశువు. ఈ ఐదింటినీ అదిలించడానికి కర్ర కావాలి. బురదలో, నీళ్లలో, చూపు లేనప్పుడు, చీకట్లో, ముసలితనంలో ఊతానికి కావాలి. సగం శ్లోకం చేతికర్ర గురించే! చివరి ముక్క పట్టుకుని బడిపంతుళ్లు దాన్ని బెత్తానికి అంటగట్టారు.

రూజ్‌వెల్ట్‌ది అవతలివాడికి కనబడేలా పట్టుకునే కర్ర. 1901 సెప్టెంబరు 2న మిన్నెసోటాలో ఆ మాట అన్నప్పుడు ఉపాధ్యక్షుడు. అప్పటి అధ్యక్షుడు మెకిన్లీ హత్యతో ఆ నెలలోనే అధ్యక్షుడయ్యాడు. 1907 డిసెంబరులో తెల్లరంగు వేసిన 16 యుద్ధనౌకలను ప్రపంచం చుట్టి రమ్మని పంపాడు. 14 నెలలు తిరిగాయి, జపాన్‌లోనూ ఆగాయి. అదీ ఆ కర్ర.

మరొకరు: మాస్టారూ, ఊరికే చూపించడమేనా? 1903 నవంబరులో పనామా విడిపోతుంటే కొలంబియా సైన్యం కదలకుండా అమెరికా యుద్ధనౌకలు అడ్డం నిలిచాయి. రెండు వారాలకే పనామా కాలువ ఒప్పందం! దీన్ని మనవాళ్లు ‘కర్ర ఉన్నవాడిదే బర్రె’ అంటారు.

జవాబు: నిజమేనండీ. అమెరికా ఖండాల్లో ఐరోపా దేశాలు వేలు పెట్టకూడదనే మన్రో సిద్ధాంతానికి 1904లో ఆయన తగిలించిన తోక కూడా ఆ బాపతే. పొరుగు దేశాలు అప్పులు కట్టకపోయినా, గొడవల్లో పడినా పోలీసు పని మేమే చేస్తామన్నాడు. ఆయన దిగిపోయాక 1915 నుంచి 1934 దాకా హైతీలో అమెరికా మెరైన్లు తిష్ట వేశారంటే ఆ ధోరణిలోనే. కానీ బర్రె సామెత విమర్శకుడి నోట పెట్టండి. తన గురించి తాను అలా ఎవడు చెప్పుకుంటాడు?

ప్రశ్న: పోనీ, సామదానభేదదండోపాయాలు?

జవాబు: అక్కడ దండం వంతు ఆఖర్న. ఇక్కడ సామమూ దండమూ జంటగా వస్తాయి. ఇప్పటికీ ఎక్కడైనా టెన్షన్ మొదలైతే విమానవాహక నౌకను అటు తిప్పి, చర్చలకు పిలవడం వాషింగ్టన్‌కు అలవాటే. ఆ నౌకల్లో ఒకటి థియొడోర్ రూజ్‌వెల్ట్. దాని ముద్దుపేరు బిగ్ స్టిక్! నా ఓటు ‘మెత్తగా మాట్లాడు, దుడ్డుకర్ర చేతబట్టు’కి.

ఇంకొకరు: మా అనంతపురంలో దుడ్డంటే డబ్బు సార్.

జవాబు: మరీ మంచిది. 1905లో అప్పుల వసూలుకని డొమినికన్ రిపబ్లిక్ కస్టమ్స్ ఆదాయం తన చేతిలోకి తీసుకున్నవాడే కదా ఆయన!